ఎడిటర్ పట్టని తప్పు టెస్టు పట్టింది

కోడింగ్ నేర్చుకుంటున్న ఊరి తమ్ముళ్లు, చెల్లెండ్లు నన్ను రెండే అడుగుతరు. "అన్నా, ఏ ఎడిటర్ మంచిది? టెస్టింగ్‌ల ఏ టూల్ నేర్చుకుంటే నౌకరొస్తది?" నేనేమీ ఇంజినీరింగ్ సదివినోన్ని కాదు. వీడియోలు చూసి, తప్పులు చేసి, సొంతంగ నేర్చుకున్నోన్ని. అందుకే నాకు తగిలిన దెబ్బ కాడికెల్లే మొదలువెడుత.

ఓటరు నమోదు కోసం మా ఊరి పోరగాండ్ల లిస్టు రాసినం. పుట్టిన తేదీలు చూసి 18 ఏండ్లు నిండినోళ్ల పేర్లు తీసేటందుకు పైథాన్‌ల చిన్న ప్రోగ్రాం చేసిన. "వయసు 18 కంటె ఎక్కువ" అని రాసిన. రాయాల్సింది "18 లేదా అంతకంటె ఎక్కువ" అని. గంతే. 18 నిండి 19 నిండనోళ్లంత లిస్టుల నుంచి మాయమైండ్రు. అంటే మొదటిసారి ఓటెయ్యాల్సినోళ్లే! ఒక చెల్లె వచ్చి "అన్నా, నా పేరేది?" అని అడిగేదాక నాకు తెల్వలే.

ఎడిటర్ ఎందుకు చెప్పలే? ఎడిటర్ చూసేది రాతను. బ్రాకెట్ మూయకపోతే, స్పెల్లింగ్ తప్పితే ఎర్ర గీత పెడుతది. నా రాతల తప్పు లేదు, లెక్కల తప్పుంది. లెక్క సరిచూసేది టెస్టు.

మన రైతు ఏం జేస్తడు? విత్తనం చల్లేముందు నూరు గింజలు తడిబట్టల మూట గట్టి, ఎన్ని మొలిచినయో లెక్కవెడుతడు. ఆటోమేటెడ్ టెస్టంటే గదే. నేను మూడు లైన్లు రాసిన: 17 ఇస్తే పేరు రావద్దు, 18 ఇస్తే రావాలె, 19 ఇస్తే రావాలె. నడిపిన. రెండోది ఫెయిల్. ఒక్క నిమిషంల తప్పు దొరికింది.

ఇంకో ముచ్చట. ఓటరు నమోదుకు ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలున్నయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1. నా ప్రోగ్రాంల ఒక్క జనవరే ఉండె. మిగతా మూడు కలిపినప్పుడు పాతది చెడగొట్టుకున్న. ముందు రాసుకున్న టెస్టులు మళ్లా నడిపితే అదీ బయటపడ్డది. మనిషైతే ప్రతిసారి అన్నీ చూడలేడు, యాష్టకొస్తది. మిషన్‌కు యాష్ట లేదు.

ఇగ టూల్స్ సంగతి. ముందు ఎడిటర్లు.

నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ తేలిక, పాత కంప్యూటర్ల గూడ ఉరుకుతది. కాని విండోస్‌కే. విమ్ 1991ల వచ్చింది, ఇప్పటికీ సర్వర్ల మీద అదే దిక్కు. మొదట్ల చేతికి రాదు, వచ్చినంక ఇడిసిపెట్టబుద్ధి కాదు. ల్యాప్‌టాప్ లేనోళ్లు ఆండ్రాయిడ్ ఫోన్‌ల టర్మక్స్ ఏసుకొని పైథాన్, విమ్ రెండూ నడిపించొచ్చు. పైచార్మ్‌ల సౌలతులు మస్తు, కాని బరువు. 4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌ల ఆగి ఆగి నడుస్తది. నడిమిట్ల ఉన్నది 2015ల మైక్రోసాఫ్ట్ తెచ్చిన వీఎస్ కోడ్. ఫ్రీ, ఏ భాషకైనా ఎక్స్‌టెన్షన్ దొరుకుతది. అయితే మన వాడకం సమాచారం కంపెనీకి పోతది, సెట్టింగ్స్‌ల బంద్ పెట్టుకోవచ్చు. అది లేకుండ అదే కోడ్‌తోటి చేసిన వీఎస్‌కోడియం గూడ ఉన్నది.

టెస్టింగ్‌ల రెండు తీర్లు. ఒకటి, లోపలి లెక్క చూసేది: పైథాన్‌కు పైటెస్ట్, జావాకు జేయూనిట్. నేను వాడింది పైటెస్ట్. రెండోది, బ్రౌజర్ తెరిచి మనిషి లెక్క బటన్లు నొక్కి చూసేది. దీంట్ల పెద్దన్న సెలీనియం. 2004ల జేసన్ హగ్గిన్స్ మొదలువెట్టిండు. జావా, పైథాన్ లాంటి చాన భాషలతోటి నడుస్తది. పాత ప్రాజెక్టులు మస్తుగ దీని మీదనే ఉన్నయి. బాధేందంటే, పేజీ పూర్తిగ రాకముందే బటన్ కోసం దేవులాడి ఫెయిల్ అంటది. ఎప్పటిదాక ఆగాలెనో మనమే రాయాలె. 2020ల వచ్చిన ప్లేరైట్, బటన్ నొక్కేటట్టు అయ్యేదాక తనంతట తానే ఆగుతది. కాని తన బ్రౌజర్లు తానే దించుకుంటది, వందల ఎంబీ డేటా ఒడుస్తది. ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికేటోళ్లు ఇది యాదిలుంచుకోవాలె.

మరి ఏది నేర్చుకోవాలె? నా మాట: మీ మిషన్ మోసే ఎడిటర్ ఏదైనా పట్టుండ్రి. ముందు పైటెస్టో, జేయూనిటో నేర్వుండ్రి. అటెన్క సెలీనియం, ప్లేరైట్‌లల్ల ఒకటి. ఒకటొస్తే రెండోది తొందరగనే వస్తది. నేను చెప్పిన టూల్స్ అన్నీ ఫ్రీగనే వాడుకోవచ్చు. అమీర్‌పేటల ఫీజు కట్టేది చెప్పేటోనికి, టూల్‌కు కాదు. అప్పు చేసి కోర్సుల చేరేముందు ఇంటికాడ నెలరోజులు సొంతంగ చేసి చూడుండ్రి.

ఒక్కటి మాత్రం మరువద్దు. టెస్టు గూడ మనం అడిగిందే చూస్తది. 18 దగ్గర ఏమైతది అని అడగాలన్న సోయి టూల్‌కు ఉండదు, మనకుండాలె. ఆ చెల్లె పేరు తర్వాత లిస్టుల ఎక్కింది. ఆమె వచ్చి అడిగింది కాబట్టి. అడగనోళ్ల సంగతేంది? వాళ్ల కోసమే టెస్టు రాయాలె.