అడగకముందే అందించే కొలువు

ఇంటికి చుట్టాలొచ్చారు. ‘భోంచేస్తారా?’ అని అడిగి చూడండి. ‘అబ్బే, ఇప్పుడే తిని బయల్దేరామండీ’ అంటారు, కడుపులో ఎలుకలు పరిగెడుతున్నా సరే. అదే మీ అమ్మమ్మ అయితే ఆ ప్రశ్నే వేయదు. చెంబుతో నీళ్లు అరుగు మీద పెట్టి, ‘కాళ్లు కడుక్కుని రండి, వడ్డిస్తున్నా’ అంటుంది. వచ్చినవాళ్లు మారు మాట్లాడకుండా వచ్చి కూర్చుంటారు. అన్నం అదే, కూర అదే. కానీ మొదటిసారి మొహమాటాన్ని చుట్టం నెత్తిన పెట్టాం. రెండోసారి దాన్ని అమ్మమ్మ తీసి పక్కన పెట్టేసింది.

ఒక్క రాత్రికి పదుల వేల రూపాయలు తీసుకునే వెల్‌నెస్ రిసార్టుల్లో పాలరాయి, ఈతకొలను, కొండల అందం అన్నీ ఉంటాయి. అయితే వెళ్లినవాళ్లు మళ్లీ అక్కడికే రావడానికి కారణం చాలాసార్లు ఈ చెంబు నీళ్ల విద్యే. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉండి ‘సాఫ్ట్‌వేర్ కాకపోతే ఇంకేముంది?’ అని చూస్తున్న మీలో కొందరికి ఇది సరిపోయే పని కావచ్చు. అందరికీ కాదు. ఆ తేడా చేరకముందే తెలుసుకుంటే మంచిది.

నరేంద్రనగర్‌లో ఒక రోజు

ఉత్తరాఖండ్‌లో రిషికేశ్‌కు పైన కొండమీద నరేంద్రనగర్ ఉంది. అక్కడ టెహ్రీ గఢ్వాల్ మహారాజుల ప్యాలెస్ ఎస్టేట్‌లో, సుమారు వంద ఎకరాల్లో ‘ఆనంద ఇన్ ది హిమాలయాస్’ రిసార్టు 2000లో మొదలైంది. మనదేశంలో ఖరీదైన వెల్‌నెస్ రిసార్టు అనగానే ముందు చెప్పుకునే పేర్లలో అదొకటి. అక్కడికి వెళ్లిన అతిథి ముందు ఆయుర్వేద వైద్యుడిని కలుస్తారు. వాత, పిత్త, కఫ తత్వాల్లో ఆ శరీరం ఏ వైపు మొగ్గుతుందో చూసి తిండి, మర్దన, యోగా నిర్ణయిస్తారు. శరీరం, మనసు, నిద్ర, ఆహారం అన్నీ కలిపి చూడటమే ఇక్కడ ‘హోలిస్టిక్’ అంటే.

అక్కడ అతిథులకు తెల్లటి కుర్తా పైజమా ఇస్తారు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఆలోచించండి. పొద్దున్నే ఏం వేసుకోవాలన్న చింత పోయింది. పక్కనున్నాయన కోటీశ్వరుడా, పదేళ్లు దాచుకున్న డబ్బుతో వచ్చిన ఉద్యోగా అన్నది బట్టల్ని బట్టి తెలియదు. ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండానే సగం మొహమాటం తీరిపోయింది.

ఇలాంటి చోట్ల కంటికి కనిపించని పని చాలా ఉంటుంది. వైద్యుడు రాసింది కిచెన్‌కు వెళ్లాలి. కిచెన్‌లో వండింది వడ్డించే అబ్బాయికి తెలియాలి. లేకపోతే ఆ అతిథి ప్రతి పూటా ‘నాకు పుల్లటివి వద్దన్నారు బాబూ’ అని తన జబ్బు కథ మొదటినుంచి చెప్పుకోవాలి. థెరపిస్టు మర్దన చేస్తున్నప్పుడు ఎడమ భుజం పట్టేసిందని గమనిస్తే, ఆ సంగతి మర్నాటి యోగా గురువుకు చేరాలి. షిఫ్టు మారేటప్పుడు జరిగే బ్రీఫింగ్, లాగ్‌బుక్, కంప్యూటర్‌లో ఉండే గెస్ట్ ప్రొఫైల్... ఇవన్నీ ఆ చేరవేత కోసమే. ‘మంచి సర్వీసు’ అని మనం మెచ్చుకునేదాంట్లో చాలా భాగం ఇలా ఒకరి నుంచి ఒకరికి సరిగా అందిన సమాచారమే.

ఇప్పుడు మీరే అక్కడ రెస్టారెంట్‌లో పనిచేస్తున్నారనుకోండి. రెండో రోజు పొద్దున ఒకాయన చిరాగ్గా వచ్చి కూర్చున్నారు. నీళ్లు చల్లగా ఉన్నాయని కసిరారు. గోరువెచ్చగా తెస్తే ఇంత వేడా అన్నారు. మీ తప్పేమీ లేదు. కానీ ఆయనకు నిన్నటి నుంచి కాఫీ మాన్పించారు. రోజుకు ఆరేడు కప్పులు తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు మూడు రోజులు తలనొప్పి, విసుగు మామూలే. ఆ సంగతి ఉదయం బ్రీఫింగ్‌లో విన్న కుర్రాడు నొచ్చుకోడు, సంజాయిషీ కూడా ఇవ్వడు. కిటికీ తెర కొంచెం లాగి, ఎండ మొహం మీద పడకుండా చూసి, నీళ్లు మార్చి పక్కకు వెళ్తాడు. విననివాడు మాత్రం ‘సర్, ఎనీ ప్రాబ్లెమ్?’ అంటూ మూడుసార్లు వెళ్తాడు.

హౌస్‌కీపింగ్‌ది ఇంకా సున్నితమైన పని. అతిథి యోగాకో స్పాకో వెళ్లిన వేళ చూసి గది సర్దాలి. తిరిగొచ్చేసరికి బకెట్లు, చీపుర్లు ఎదురుపడకూడదు. మంచానికి రెండు వైపులా దిండ్లున్నా, ఆవిడ కిటికీ వైపే పడుకుంటున్నారని దుప్పటి చెబుతుంది. నీళ్ల సీసా ఆ వైపే పెట్టాలి. బోర్లించిన పుస్తకంలో ఒక బుక్‌మార్క్ పెట్టొచ్చు. బల్ల మీది కాగితాలను మాత్రం సర్దకూడదు. మందుల డబ్బా కనబడితే దాని గురించి మాట్లాడకూడదు, ఇంకొకరి దగ్గర అసలే మాట్లాడకూడదు. గమనించడానికీ తొంగిచూడటానికీ మధ్య గీత సన్నగా ఉంటుంది. ప్రముఖులు వచ్చారని సెల్ఫీ తీసి స్టేటస్ పెట్టినవాళ్ల ఉద్యోగం నిలవదు.

ఇంకో మాట. కొసరి కొసరి వడ్డించడం మనకు ప్రేమ. ‘ఇంకొక్క ముద్ద’ అనకపోతే మర్యాద చేయలేదంటారు. కానీ కొలిచి తినమన్న చోట ఆ ప్రేమ పనికిరాదు. నిజానికి ముద్ద నోట్లో పెట్టుకున్న ప్రతిసారీ వచ్చి ‘ఎలా ఉంది సార్?’ అనే పెద్ద హోటళ్ల కంటే, అడగకుండానే మజ్జిగ పోసి వెళ్లిపోయే మెస్సు పెద్దాయనే నాకు ఎక్కువ నచ్చుతాడు.

‘ప్లేట్లు ఎత్తడానికా చదివించింది?’

ఈ మాట ఇంట్లో వినాల్సి వస్తుంది, సిద్ధంగా ఉండండి. హోర్స్ట్ షుల్జ్ అనే జర్మన్ గురించి చెప్పండి. పద్నాలుగేళ్లకే ఇల్లు వదిలి హోటల్‌లో ఎంగిలి ప్లేట్లు తీసే పనిలో చేరాడు. తరవాత అమెరికాలో రిట్జ్-కార్ల్‌టన్ హోటళ్ల కంపెనీని నిలబెట్టినవాళ్లలో ఒకడయ్యాడు. అతిథులు ఎంత పెద్దమనుషులో సేవ చేసేవాళ్లూ అంతే పెద్దమనుషులు అన్నదే ఆయన పెట్టిన నియమం. అది గోడకు తగిలించే మాటలా మిగిలిపోలేదు. అతిథికి వచ్చిన ఇబ్బంది తీర్చడానికి పైవాళ్లను అడక్కుండా రెండు వేల డాలర్ల దాకా ఖర్చుపెట్టే అధికారం అక్కడ మామూలు సిబ్బందికీ ఉంది. ఆ సంస్థ 1992లో ఒకసారి, 1999లో మరోసారి నాణ్యతకు ఇచ్చే మాల్కమ్ బాల్‌డ్రిజ్ అవార్డు అందుకుంది.

అణిగిమణిగి ఉండటం వేరు, పట్టించుకోవడం వేరు. భయపడేవాడి కళ్లు మేనేజర్ మీద ఉంటాయి, అతిథి మీద ఉండవు. అందుకే ఎంత లగ్జరీ అయినా సిబ్బందిని కసిరే చోట ఈ విద్య అబ్బదు. అలాగే అతిథి హద్దు మీరితే భరించడం ఉద్యోగంలో భాగం కాదు. ముఖ్యంగా స్పా, హౌస్‌కీపింగ్‌లో చేరే అమ్మాయిలు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. పదిమంది, ఆపైన సిబ్బంది ఉన్న ప్రతి సంస్థలో 2013 చట్టం ప్రకారం అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. చేరేముందు అందులో ఎవరున్నారో అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. మొహమాటం తీసేయాల్సింది అతిథికి మాత్రమే కాదు.

ఏ డిగ్రీతో ఎటు?

ఇంటర్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే ఎన్‌సీహెచ్ఎం జేఈఈ గురించి చెప్పండి. ఎన్‌టీఏ నిర్వహించే ఈ పరీక్షతో ఐహెచ్ఎంలలో మూడేళ్ల బీఎస్సీ హాస్పిటాలిటీ అండ్ హోటల్ అడ్మినిస్ట్రేషన్‌లో చేరొచ్చు. హైదరాబాద్, తిరుపతిలో ఐహెచ్ఎంలున్నాయి. గచ్చిబౌలిలో నిథమ్ ఉంది. డిగ్రీ అయిపోయినవాళ్లకూ దారి మూసుకుపోలేదు. పీజీ డిప్లొమా ఇన్ అకామడేషన్ ఆపరేషన్ అండ్ మేనేజ్‌మెంట్‌కు ఏ డిగ్రీ అయినా చాలు. ఒబెరాయ్ గ్రూపు ఢిల్లీలోని తమ ఓసీఎల్‌డీలో రెండేళ్ల పోస్టు గ్రాడ్యుయేట్ శిక్షణ ఇస్తుంది. పోటీ మాత్రం గట్టిగా ఉంటుంది.

వెల్‌నెస్ రిసార్టులకు హోటల్ చదువులే అక్కర్లేదు. న్యూట్రిషన్ చదివినవాళ్లకు కిచెన్‌తో కలిసి డైట్ రాసే పని ఉంటుంది. యోగా తెలిసినవాళ్లు ఆయుష్ శాఖ పరిధిలోని యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్ష రాయొచ్చు. బీఎన్‌వైఎస్, బీఏఎంఎస్ చదివినవాళ్లు వైద్యులుగా చేరతారు. చూడాలంటే ఉత్తరాఖండ్ దాకా వెళ్లక్కర్లేదు, విశాఖలో రుషికొండ దగ్గర ‘పెమా వెల్‌నెస్’ ఉంది. బెంగళూరులో జిందాల్ నేచర్‌క్యూర్, కేరళలో కోవళం దగ్గర సోమతీరం పేరున్నవే.

ఇంటర్వ్యూలో ‘నాకు సేవ చేయడం ఇష్టం’ అంటే ఎవరూ రాసుకోరు. అందరూ అదే చెబుతారు. మీరు అడగకుండా గమనించి చేసిన ఒక పని చెప్పండి. హాస్టల్లో జ్వరమొచ్చిన రూమ్మేట్‌కు లైటు ఆపి వరండాలో చదువుకున్నారా? పెళ్లిలో ఆకు ముందు కింద కూర్చోలేని పెద్దాయనకు నలుగురిలో నామోషీ కలగకుండా కుర్చీ తెచ్చారా? అదే చెప్పండి. ఏం చూశారు, ఏం అనుకున్నారు, ఏం చేశారు, అంతే. ఇంగ్లిషు విషయంలో తెలుగు మీడియం వాళ్లు అనవసరంగా బెంగపడుతుంటారు. చిన్న వాక్యాలు, తప్పుల్లేకుండా, నెమ్మదిగా చాలు. విశ్రాంతికి వచ్చినవాళ్ల దగ్గర ధారాళంగా మాట్లాడటమే ఒక్కోసారి లోపం అవుతుంది.

ఇక జీతం. దాచిపెట్టి లాభం లేదు, ఐటీతో పోలిస్తే మొదట్లో తక్కువే. పండగలప్పుడే పని ఎక్కువ. సంక్రాంతికి మీ ఊళ్లో గాలిపటాలు ఎగురుతుంటే మీరు ఎవరికో కషాయం అందిస్తూ ఉండొచ్చు. కొండమీదా, సముద్రం ఒడ్డునా ఉండే రిసార్టులు చాలావరకు బస, భోజనం ఇస్తాయి కాబట్టి కొంత మిగులుతుంది. అయినా ఆఫర్ లెటర్ చేతికి రాగానే సంతకం పెట్టేయకండి. ఉదయం నాలుగు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు చేయించే బ్రేక్ షిఫ్టు ఉందా? వారం సెలవు కచ్చితంగా ఇస్తారా? సర్వీస్ చార్జిలో వాటా ఉందా? బస గదిలో ఎంతమంది? రాత్రి డ్యూటీ దిగాక అక్కడిదాకా బండి ఉందా, లేక చీకట్లో నడవాలా? వీలైతే సిబ్బంది భోజనశాలలో ఒకపూట తిని చూడండి. అతిథుల రెస్టారెంట్ ఎలా ఉందో ఫొటోల్లో కనిపిస్తుంది. ఆ సంస్థ తన మనుషుల్ని ఎలా చూస్తుందో ఇక్కడి పప్పుచారు చెబుతుంది.