ఇందిరమ్మ ఇల్లు పూర్తయిందా? రంగులకు ముందు గోడలు ఆరనివ్వండి!
కాసిపేట మండల లబ్ధిదారులకు సూచనలు

ఇందిరమ్మ ఇళ్ల పథకం 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభమైంది. సొంత జాగ ఉన్న పేద కుటుంబానికి నాలుగు విడతల్లో 5 లక్షల రూపాయల సాయం అందుతుంది. బిల్లు తొందర, ముహూర్తం తొందర కలిసి చాలామంది గిలాబు (ప్లాస్టరింగ్) అయిన వారం పది రోజులకే రంగులు వేయించి ఇంట్లో దిగుతున్నారు. పచ్చి గోడ మీద వేసిన రంగు పొక్కులు లేచి రాలిపోతుంది. మూలల్లో నల్లబూజు పడుతుంది. పిల్లలకు, ఆయాసం ఉన్న పెద్దలకు దగ్గు ఎక్కువవుతుంది. రంగుల ఖర్చు రెండోసారి పెట్టాల్సి వస్తుంది.

కొత్త ఇంట్లో అంత నీరు ఎక్కడిది?

50 కిలోల సిమెంటు బస్తాకు సుమారు 25 లీటర్ల నీళ్లు కలుపుతారు. అందులో సగానికి కాస్త తక్కువే సిమెంటులో గట్టిపడి ఉండిపోతుంది. మిగతాది ఆవిరై బయటకు పోవాలి. ఇంటికి 100 బస్తాలు పట్టినా 1200 లీటర్లకు పైనే! ఇటుకలు పీల్చిన నీళ్లు, తడపడానికి కొట్టిన నీళ్లు దీనికి అదనం.

తడపడం వేరు, ఆరబెట్టడం వేరు

గోడ ఆరాలె కదా అని నీళ్లు కొట్టడం మానేయవద్దు. స్లాబును మామూలు సిమెంటైతే కనీసం 7 రోజులు, బూడిద కలిసిన పీపీసీ సిమెంటైతే లేదా ఎండలు మండుతుంటే కనీసం 10 రోజులు తడపాలి. గిలాబుకు కనీసం 7 రోజులు. ఎండకాలంలో తడపకుంటే గిలాబు పగుళ్లు ఇస్తది. తడపడం అయిపోయాకే ఆరబెట్టడం మొదలు.

ఎట్ల ఆరబెట్టాలి?

• ఎండ ఉన్నప్పుడు ఎదురెదురు కిటికీలు, తలుపులు తెరిచి గాలి ఆడనివ్వండి. వాన పడుతుంటే బయటి గాలిలోనే తేమ ఉంటుంది. అప్పుడు మూసి, తెరిపి ఇచ్చాక తెరవండి.
• ఫ్యాన్ వేస్తే కిటికీ తెరిచే వేయండి. మూసిన అర్రలో ఫ్యాన్ అదే తేమను తిప్పుతుంది.
• గిలాబు అయ్యాక కనీసం 4 వారాలు ఆగి రంగులకు పోండి. వానకాలమైతే ఇంకా ఆగాలి. చలికాలపు పొడి గాలి ఆరబెట్టడానికి అనుకూలం.
• అందాక తెల్లగా కనబడాలంటే సున్నం వేయించండి. సున్నం గోడలోని తేమను ఆపదు, ఖర్చూ తక్కువ.

బొగ్గు కుంపటి పెట్టవద్దు!

మన బొగ్గు బెల్టులో ఇది ముఖ్యమైన హెచ్చరిక. గోడలు తొందరగా ఆరుతాయని తలుపులు మూసి బొగ్గు కుంపటి పెడితే కార్బన్ మోనాక్సైడ్ వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గనిలో దిగే సింగరేణి కార్మికులకు ఈ గ్యాసు సంగతి తెలుసు, ఇంట్లోనూ అదే ప్రమాదం. తలనొప్పి, వాంతులు, మత్తు అనిపిస్తే వెంటనే బయటి గాలికి వచ్చి 108కు ఫోన్ చేయండి.

గ్యాస్ పొయ్యి వెలిగించి ఆరబెట్టడం కూడా పనికిరాదు. ఒక 14.2 కిలోల సిలిండర్ మండితే 20 లీటర్లకు పైగా నీరు ఆవిరిగా మారి ఇంట్లోకే వస్తుంది.

ఆరిందని ఎట్ల తెలుస్తది?

అడుగున్నర పొడవు, వెడల్పు ఉన్న పాలిథిన్ కవరును గోడకు పెట్టి నాలుగు వైపులా టేపు అంటించండి. ఒక రోజు తర్వాత చూడండి. లోపల నీటి చుక్కలుంటే ఇంకా పచ్చిగానే ఉన్నట్టు. రెండు మూడు గోడల మీద, ముఖ్యంగా కింది భాగంలో ఇట్లనే చూడండి.

దిగినంక జాగ్రత్తలు

• మంచం, బీరువా, బియ్యం బస్తాలు గోడకు ఆనించకుండా జానెడు దూరం ఉంచండి.
• తడి బట్టలు ఇంట్లో ఆరేయవద్దు. వంట చేసేటప్పుడు కిటికీ తెరవండి.
• గోడ మీద తెల్లగా ఉప్పు పడితే పొడి బ్రష్‌తో దులపండి, నీళ్లతో కడగవద్దు.
• బూజు పడితే ముక్కుకు గుడ్డ కట్టుకుని, కిటికీలు తెరిచి, బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో తుడవండి. బాత్రూం యాసిడ్ అందులో కలపవద్దు, విషవాయువు వస్తుంది.

చెమ్మనా, లీకేజీనా?

తడి మరక అంచున పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి. కొత్త ఇంటి చెమ్మ అయితే వారం వారం తగ్గుతుంది. తగ్గకున్నా, పెరిగినా కారణం వేరే ఉన్నట్టే. పైన మరక ఉంటే స్లాబు, బాత్రూం పక్కన ఉంటే పైపు, కింద నేల వెంట ఉంటే బేస్‌మెంట్ చూపించాలి. మరకను ఫోటో తీసి మేస్త్రికి, మీ పంచాయతీ కార్యదర్శికి లేదా హౌసింగ్ ఇంజినీరుకు చూపండి. రంగు వేసి మరకను కప్పిపెట్టవద్దు. లోపల ఇనుము తుప్పు పట్టాక మరమ్మతు ఖర్చు చాలా ఎక్కువవుతుంది.

ముహూర్తం దగ్గర్లోనే ఉంటే పాలు పొంగించుకోండి, పూజ చేసుకోండి. రంగులు, సామాను మాత్రం గోడలు ఆరాకే. ఈ పీడీఎఫ్‌ను మీ ఊరి లబ్ధిదారులకు, మేస్త్రీలకు పంపండి.