కారు ఏసీలో ముక్క వాసన

వానాకాలంలో కారు ఏసీ ఆన్ చేసిన మొదటి నిమిషంలో ఒక వాసన వస్తుంది కదా, దాన్ని నేను 'బ్యాడ్ స్మెల్' అనేవాడిని. ఇంగ్లిష్ మీడియం చదువు మరి. అమ్మమ్మ ఒక్క మాటలో తేల్చేసింది: "ముక్క వాసన రా అది." తడి తగిలిన బియ్యం ముక్కిపోయినట్టే, ఏసీ కూడా ముక్కిపోతుంది. కారణం తేమ.

అసలు ఏసీ పుట్టిందే తేమ మీద పోరాటానికి. 1902లో విల్లిస్ క్యారియర్ తన మొదటి యంత్రాన్ని డిజైన్ చేసింది బ్రూక్లిన్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్ కోసం. గాల్లో తేమకి కాగితం సాగి రంగులు పక్కకి జరిగిపోయేవి. చిక్కడపల్లిలో ప్రెస్సు నడిపేవాళ్లకి ఈ బాధ నేను చెప్పక్కర్లేదు.

కారులో డ్యాష్‌బోర్డ్ వెనక ఎవాపరేటర్ అనే కాయిల్ ఉంటుంది. కూల్‌డ్రింక్ సీసాకి చెమట పట్టినట్టు, దాని సన్నటి రేకుల మీద గాల్లోని తేమ నీళ్లై చేరుతుంది. ఆ నీళ్లు చిన్న పైపు గుండా రోడ్డు మీదకి కారిపోతాయి. (కారు కింద ఆ తడి చూసి కంగారుపడకండి. వానాకాలంలో అది కనబడకపోతేనే అనుమానించాలి.) ఇంజిన్ ఆపాక రేకుల మధ్య మిగిలిన తడి మాత్రం అక్కడే ఉండిపోతుంది. చీకటి, తడి, దుమ్ము. బూజుకి ఇంకేం కావాలి?

మా ఏరియాలో ఇది ఎక్కువ ఎందుకంటే మావన్నీ చిల్లర ప్రయాణాలు. అశోక్ నగర్ నుంచి చిక్కడపల్లి మీదుగా నారాయణగూడ, మహా అయితే రెండు మూడు కిలోమీటర్లు. దిగే క్షణం దాకా ఏసీ నడుస్తుంది, కాయిల్ ఆరే టైమే ఉండదు. మా తాతయ్యకి ఆయాసం. చెకప్‌కి తీసుకెళ్తుంటే ఏసీ వేస్తే దగ్గు, అద్దం దించితే బస్సుల పొగ. అందుకే దీన్ని ఇంత సీరియస్‌గా పట్టించుకున్నాను.

పనిచేసేది ఒకటే అలవాటు. ఇల్లు చేరడానికి మూడు నాలుగు నిమిషాల ముందే ఏసీ బటన్ ఆపేయాలి, ఫ్యాన్ మాత్రం ఫుల్‌గా ఉంచాలి, బయటి గాలి లోపలికి వచ్చే మోడ్ పెట్టాలి. కాస్త చెమట పడుతుంది, భరించాలి. కాయిల్ పూర్తిగా ఆరకపోయినా చాలా తేడా ఉంటుంది. సెల్లార్‌లో ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఈ పని చేయకండి, పొగ ప్రమాదం. మేమైతే మా సందు చాలా దూరం ఉండగానే ఆపేస్తాం.

ఇక క్యాబిన్ ఫిల్టర్. చాలా కార్లలో గ్లవ్‌బాక్స్ వెనక ఉంటుంది. ఇందిరా పార్క్ వైపు చెట్ల కింద పార్క్ చేసేవాళ్లు ముందు అద్దం కింది జాలీలో ఆకులు కూడా తీస్తూ ఉండాలి. పేపర్ ఫిల్టర్‌ని కడగొద్దు, మార్చేయండి. ముందు సీటు కింద కార్పెట్ తడిగా తగిలితే నీళ్లు పోయే పైపు మూసుకుపోయి ఉండొచ్చు.

పర్ఫ్యూమ్ డబ్బా నా దృష్టిలో దండగ. మల్లెపూలు, ముక్కిన బియ్యం కలిపి వాసన చూసినట్టు ఉంటుంది. వాసన ఇప్పటికే ముదిరితే మెకానిక్‌తో కాయిల్ మీదే ఫోమ్ క్లీనర్ కొట్టించండి, పైపైన వెంట్లలో కొడితే లాభం లేదు.

వాసన ముక్కగా కాకుండా తియ్యగా వస్తూ, అద్దాలకి జిడ్డు పొరలా పడుతుంటే అది బూజు కాదు. హీటర్ దగ్గర కూలెంట్ లీకవుతూ ఉండొచ్చు. దానికి ఇవేవీ పనిచేయవు, ఆ రోజే మెకానిక్‌కి చూపించాలి.