ట్రాలీకి రంగు: పై మెరుపు కన్నా అడుగు పూత ముఖ్యం

దసరా వస్తోందంటే ట్రాక్టర్ ట్రాలీకి కొత్త రంగు వేయించాలని చాలామంది రైతులకు ఉంటుంది. ఇబ్రహీంపట్నం, యాచారం, హయత్‌నగర్ వైపు వాళ్లు దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి డబ్బాలు తెచ్చుకుంటారు. లేదంటే ఎల్.బి.నగర్ దాటాక విజయవాడ రోడ్డు మీద ఉన్న ఆటోనగర్‌కు బండి తోలుతారు. పండుగనాడు తళతళలాడిన రంగు ఏడాది తిరక్కుండానే పొలుసులుగా ఊడొస్తుంది. రంగు నాసిరకమని కంపెనీని తిట్టుకుంటాం. కానీ చాలాసార్లు లోపం డబ్బా మూత తీయకముందు చేయాల్సిన పనిలోనే ఉంటుంది.

చిన్న రైతుకు ఇది అందం సంగతి కాదు. అప్పు తీరకముందే అడుగు రేకు చిల్లులు పడితే కొత్త రేకు, వెల్డింగు ఖర్చు మీద పడుతుంది. అందుకే రంగు ఎలా నిలుస్తుందో తెలుసుకుందాం.

రేకును తినేది ఏమిటి?

ఇనుముకు నీరు, గాలి రెండూ తగిలితే తుప్పు (జంగు) పడుతుంది. ఉప్పు తోడైతే ఇంకా తొందరగా పడుతుంది. పొటాష్, యూరియా వంటి ఎరువులు గాలిలోని తేమను పీల్చుకుని రేకుకు అంటుకుంటాయి. పశువుల ఎరువులో తడి, లవణాలు రెండూ ఉంటాయి. కుళ్లిన పండ్ల రసం పులుపు కూడా ఇనుమును తింటుంది. 2021లో బాటసింగారానికి తరలింపు మొదలయ్యే దాకా గడ్డిఅన్నారం మార్కెట్‌కు బత్తాయి, మామిడి తోలిన రైతులకు ఇది అనుభవమే. తుప్పు ముందుగా కనిపించేది వెల్డింగు అతుకుల్లో, మూలల్లో, అడుగు రేకు కింద.

గోకుడే సగం పని

తుప్పు మీద ఎంత ఖరీదైన రంగు పూసినా లోపల తుప్పు పెరుగుతూనే ఉంటుంది. పై పూతను ఎత్తి పడేస్తుంది. కాబట్టి ముందు ట్రాలీని కడిగి, బాగా ఆరనివ్వాలి. గ్రీజు, ఆయిలు మరకలను థిన్నరు గుడ్డతో తుడవాలి. ఆ తర్వాత వైరు బ్రష్షుతో వదులుగా ఉన్న పాత రంగును, తుప్పును గోకేయాలి. 80 నంబరు గరుకు కాగితంతో రుద్ది, గట్టిగా ఉన్న పాత రంగు అంచులను 120, 220 నంబర్లతో నున్నగా చేయాలి. దుమ్ము తుడిచిన రోజే ప్రైమరు పూయాలి. ఒక్క రాత్రి మంచు తగిలినా రేకు మళ్లీ ఎర్రబారుతుంది.

ప్రైమరుగా రెడ్ ఆక్సైడ్ చాలామందికి తెలిసినదే. జింక్ ఫాస్ఫేట్ కలిసినది దొరికితే తుప్పును ఇంకా బాగా ఆపుతుంది. అతుకులకు, అంచులకు ముందు బ్రష్షుతో ఒక పూత వేసి, ఆ తర్వాత మొత్తానికి వేయాలి. ఒక రాత్రి ఆరనివ్వాలి. ప్రైమరు వేసి నెలల తరబడి అలా వదిలేయకండి. దానికి సన్న రంధ్రాలుంటాయి, నీరు దిగుతుంది. పై రంగు పడితేనే రక్షణ.

ఏ రంగు కొనాలి?

చిన్న రైతుకు సింథటిక్ ఎనామిల్ సరిపోతుంది. బ్రష్షుతో ఇంట్లోనే వేసుకోవచ్చు, గీత పడితే మళ్లీ పూసుకోవచ్చు. ఎన్.సి. రంగు నిమిషాల్లో ఆరుతుంది గానీ స్ప్రే గన్ కావాలి. పాత ఎనామిల్ మీద ఎన్.సి. వేస్తే దాని థిన్నరు కింది పూతను ముడతలు పడేలా చేస్తుంది. పాతది ఏదో తెలియకపోతే ఎన్.సి. థిన్నరులో తడిపిన గుడ్డతో రుద్ది చూడండి. రంగు వెంటనే కరిగి గుడ్డకు అంటితే అది ఎన్.సి. రెండు డబ్బాలు కలిపి వేసే పి.యు. రంగు ఎండకు బాగా నిలుస్తుంది. కానీ దాని ఆవిరి ఊపిరితిత్తులకు ప్రమాదం. సరైన మాస్కు ఉన్న షెడ్డులోనే వేయించాలి.

లెక్క ఇలా వేసుకోండి. ట్రాలీ 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు అనుకుంటే బయటి పలకలు నాలుగూ కలిపి 64 చదరపు అడుగులు. చట్రం, కొక్కెం భాగం కలుపుకుంటే సుమారు 100. లీటరుకు ఒక పూత సుమారు 100 చదరపు అడుగులు వస్తుంది. అంటే ప్రైమరు 1 లీటరు, ఎనామిల్ 2 పూతలకు 2 లీటర్లు. తొట్టె లోపల ఇసుక, రాళ్లు గీకుతాయి కాబట్టి ఖరీదైన రంగు అక్కడ దండగ. ప్రైమరు, మామూలు ఎనామిల్ చాలు. అడుగు రేకు కింద తారు కలిసిన నల్ల పూత వేస్తే బురద నీటికి తట్టుకుంటుంది.

ఎప్పుడు వేయాలి?

దసరా నాటికి వానలు పూర్తిగా పోవు, గాలిలో తేమ ఉంటుంది. యాసంగి పంట ఇంటికి చేరాక, మృగశిర కార్తె రాకముందే పని ముగించుకోవడం మేలు. అయితే మధ్యాహ్నం ఎండలో కాలిన రేకు మీద పూస్తే బొబ్బలు లేస్తాయి. పొద్దున్నే రేకు మీద తడి ఆరాక, నీడపట్టున వేయండి. పూతకు పూతకు మధ్య ఒక రోజు ఆగండి.

వీటి మీద రంగు పడనీయకండి

హైడ్రాలిక్ జాకీ రాడ్డు, గ్రీజు నిపుల్స్, రబ్బరు పైపులు, కొక్కెం పిన్ను, నంబరు ప్లేటు. వీటికి ముందే కాగితం, టేపు చుట్టాలి. రిఫ్లెక్టర్ల మీద రంగు పూయడం ప్రాణాల మీదికి తెస్తుంది. రాత్రిపూట సాగర్ రోడ్డు, విజయవాడ రోడ్డు మీద వెనుక వచ్చే వాహనానికి ట్రాలీ కనపడేది వాటి వల్లే. పని అయ్యాక వెనుక ఎరుపు, ముందు తెలుపు, పక్కల పసుపు మెరుపు టేపు అంటించండి.

పశువులు, పిల్లలు జాగ్రత్త

పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. దాటకూడదని కేంద్రం 2016లో నిబంధన తెచ్చింది. ఇనుము సామానుకు వాడే పారిశ్రామిక రంగులకు అది వర్తించదు. పశువులు రంగు పెచ్చులను, డబ్బాలను నాకితే సీసం విషమెక్కి చనిపోవచ్చు. అందుకే కొట్టం దగ్గర గోకవద్దు. ముక్కుకు మాస్కు కట్టుకుని, తడి చేసి గోకండి. కింద పట్టా పరిచి పెచ్చులన్నీ మూటగట్టి తీసేయండి. పెచ్చులూడే ట్రాలీలో మేత పోయకండి.

ఏడాది పొడవునా

ఎరువు తోలిన రోజే మంచినీళ్లతో కడగండి. సోడా పొడి వద్దు, ఎనామిల్ మెరుపు పోతుంది. కడిగాక తొట్టె లేపి నీరు కారనివ్వండి. వినాయక నిమజ్జనానికి తోలితే మూలల్లో మట్టి మిగలకుండా చూడండి. తడి గడ్డి, పేడ రాత్రంతా తొట్టెలో ఉంచకండి. నెలకోసారి చుట్టూ తిరిగి చూసి, చిన్న తుప్పు చుక్క కనిపిస్తే అక్కడికక్కడే గోకి ప్రైమరు, రంగు తాకించండి. మిగిలిన రంగును మూత బిగించి దాచుకుంటే ఇందుకు పనికొస్తుంది. ఈ అరగంట పనిని వాయిదా వేస్తే వచ్చే ఏడాది వెల్డింగు షెడ్డు ముందు నిలబడాల్సి వస్తుంది.