ముసురు పట్టిందంటే నత్తల దండు!

రాత్రి పచ్చగా ఉన్న వంగ నారు తెల్లారేసరికి మోళ్లుగా మిగిలిందా? మట్టి మీద వెండిజరీలా మెరిసే జిగురు చార కనిపిస్తోందా? అయితే అనుమానం లేదు. అది నత్తల పనే!

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు కురుస్తాయి. ముసురు పడితే నేల తడి ఆరదు. నత్తలకు అదే పండుగ. పగలు పేడదిబ్బల కింద, రాళ్ల సందుల్లో, గట్ల మీది గడ్డిలో దాక్కుంటాయి. చీకటి పడగానే బయలుదేరుతాయి. కూరగాయలు, బొప్పాయి, మల్బరీ, ఏదైనా సరే, లేత ఆకు కనిపిస్తే వదలవు. గుల్ల లేని నత్తలదీ ఇదే దారి.

వీటిలో గట్టిపిండం ఆఫ్రికా నత్త. అరచేయంత పెరుగుతుంది. ఇది మన నేలది కాదు. 1847లో బెన్సన్ అనే ఆయన మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చిన నత్తలను అక్కడి తోటలో వదిలారు. ఆ తర్వాత ఈ జాతి దేశంలో చాలాచోట్లకు పాకింది. వీటిలో ఆడ, మగ అని వేరుగా లేవు. ఒక్కో విడతకు వందకు పైగా గుడ్లు మట్టిలో పెట్టగలవు. ఎండాకాలంలో గుల్ల మూతి మూసుకుని నెలల తరబడి నిద్రపోతాయి. చచ్చాయనుకుంటే పొరపాటే. వాన పడితే లేస్తాయి.

మందు కన్నా ముందు ఏరివేత మేలు. సాయంత్రం తోటలో తడి గోనె సంచులు పరిచి, కింద బొప్పాయి ఆకులు వేయండి. తెల్లవారుజామున సంచి ఎత్తితే నత్తలు గుంపుగా దొరుకుతాయి. పది లీటర్ల నీళ్లలో రెండు కిలోల ఉప్పు కలిపి అందులో వేయండి. చచ్చాక లోతు గుంటలో సున్నం చల్లి పూడ్చండి. ఆ ఉప్పునీళ్లు మడిలో పోస్తే నేల చవుడు బారుతుంది, జాగ్రత్త!

వట్టి చేత్తో ముట్టవద్దు. కొన్ని నత్తల్లో ఎలుకల నుంచి సోకే సన్నని పురుగు ఉంటుంది. అది మనిషి కడుపులోకి పోతే మెదడు పొరలు వాచే ప్రమాదం ఉంది. చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కోండి. పిల్లలను ఈ పనికి పంపవద్దు. ఆకుకూరలు బాగా కడిగి, ఉడికించి తినండి.

మెటాల్డిహైడ్ గుళికలు చల్లేవారు పశువులు, కోళ్లు, కుక్కలు అటు పోకుండా చూడాలి. తింటే ప్రాణం మీదికి వస్తుంది.

ఒక్కరు ఏరితే చాలదు. పక్క గట్టు మీదివి రేపు మళ్లీ వస్తాయి. వాన పడిన వారంలోనే ఇరుగు పొరుగు రైతులు కలిసి ఏరాలి. కొత్త మొక్కలు, పేడ ఎరువు తెచ్చుకునేటప్పుడు గుడ్లున్నాయేమో చూసుకోవాలి. గుడ్డుగా ఉన్నప్పుడు ఏరినది ఒక్కటే. వదిలేస్తే రేపు దండే!