వేగం పెంచితే ముప్పు... మీట మార్చితే మేలు

హిందూపురం: పిల్లలు ఎక్కి తిరిగే బ్యాటరీ కారు ఇంటికి వచ్చిన కొత్తలో వీధంతా దానిదే సందడి. కొన్ని నెలలు గడిచేసరికి అది మూలన పడుతుంది. చార్జింగు నిలవదు, బండి కదలదు. అప్పుడు తండ్రికో మేనమామకో ఒక ఆలోచన తడుతుంది. 6 వోల్టుల బ్యాటరీ స్థానంలో 12 వోల్టులది పెడితే సరిపోదా అని. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలలో ఏ బ్యాటరీ దుకాణంలో అడిగినా యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల బ్యాటరీ దొరుకుతుంది. తీగలు కలపడం పది నిమిషాల పని. బండి రివ్వున దూసుకుపోతుంది. చిక్కు అక్కడి నుంచే మొదలవుతుంది.

ఈ బండ్లలో ఉండేది డీసీ మోటారు. దానికి అందే వోల్టేజీ రెట్టింపైతే వేగమూ దాదాపు రెట్టింపవుతుంది. ఇసుకలో కూరుకుపోయో, గోడకు ఆనుకునో చక్రం ఆగిపోయినప్పుడు మోటారు లాగే కరెంటు కూడా రెట్టింపవుతుంది. కరెంటు రెట్టింపైతే తీగలో పుట్టే వేడి నాలుగింతలు. లోపల ఉన్నవేమో 6 వోల్టులకు సరిపడే సన్నని తీగలు, ప్లాస్టిక్ పళ్లచక్రాలు. ముందుగా పళ్లు అరిగిపోయి బండి ఆగిపోతే అదృష్టమనుకోవాలి.

ఫ్యూజుతో చెలగాటం

వేగం పెంచిన బండిలో ఫ్యూజు తరచుగా పోతుంది. అది లోపం కాదు, హెచ్చరిక. అయితే ఇంట్లో ఫ్యూజు పోతే దొరికిన రాగితీగ చుట్టి పని గడుపుకొనే అలవాటు మనవారికి కొత్తది కాదు. బొమ్మకారులోనూ అదే పని చేసి, ఫ్యూజు తీసేసి రెండు కొసలూ కలిపి మెలివేస్తారు. పెనుకొండ మండలం ఎర్రమంచిలోని కియా కర్మాగారంలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. అసలు కారులో ఏ విద్యుత్తు వలయానికి ఎంత ఫ్యూజు ఉండాలో లెక్కగట్టి అమరుస్తారు. మూడేళ్ల పిల్ల కూర్చునే బండికి ఆ లెక్క అక్కరలేదనుకోవడం విచిత్రం.

ఈ ప్రమాదం ఊహాజనితమైనది కాదు. కర్మాగారం నుంచి వచ్చిన బండ్లలోనే విద్యుత్తు భాగాలు వేడెక్కి మంటలు లేచిన కారణంగా అమెరికాలో 1998 అక్టోబరులో ఫిషర్ ప్రైస్ సంస్థ దాదాపు కోటి పవర్ వీల్స్ బండ్లను సరిచేసేందుకు వెనక్కి పిలవవలసి వచ్చింది. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. విద్యుత్తుతో నడిచే బొమ్మలకు ఐఎస్ 15644 ప్రమాణం వర్తిస్తుంది. బ్యాటరీ మార్చి తీగలు కలిపిన మరుక్షణం ఆ పరీక్షలకు విలువ ఉండదు.

చార్జరు సంగతి మరీ ముఖ్యం. సీసపు బ్యాటరీ చార్జరును లిథియం బ్యాటరీకి తగిలించరాదు. ధర్మవరంలో మగ్గం ఉన్న గదే చాలామందికి పడకగది కూడా. నూలు, జకార్డు అట్టలు, చీరల పెట్టెలు పక్కనే ఉండగా రాత్రంతా బ్యాటరీని చార్జింగులో ఉంచి నిద్రపోవడం ఎంతమాత్రం తగదు. ఇక పాత బ్యాటరీ చచ్చుబడితే అదే వోల్టేజీ, అదే రకం కొత్తది వేయడమే సరైన మరమ్మతు. బండి కొత్తదానిలా పరుగెడుతుంది.

నడవలేని పిల్లలకు

అలాగని బొమ్మకారును ముట్టుకోనేరాదని కాదు. మార్చదగినది వేగం కాదు, మీట. కాలితో తొక్కే మీటను చేతికి అందేలా పైకి తెస్తే, కాళ్లలో పట్టులేని పిల్ల కూడా తానే బండి నడుపుకోగలదు. అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయంలో కోల్ గాలోవే అనే ఫిజియోథెరపీ ఆచార్యుడు ‘గో బేబీ గో’ పేరిట ఈ పనికి శ్రీకారం చుట్టారు. ఆయన, తైవాన్ పరిశోధకురాలు హువాంగ్ కలిసి మార్పుల విధానాన్ని వివరిస్తూ 2012లో పరిశోధన పత్రం ప్రచురించారు. ఎవరో ఎత్తుకుంటే తప్ప కదలలేని పసివాడికి, తాను నొక్కితే తానే ముందుకు వెళ్తానని తెలియడం ఎదుగుదలలో పెద్ద మలుపు. వారు వాడే సామగ్రి సామాన్యమైనది. స్టీరింగుపై అరచేతి వెడల్పు మీట, వీపుకు ఆసరాగా నురుగు చుట్టిన నీటిగొట్టాల చట్రం, నడుముకు పట్టీ. మరో రకం బండిలో మీట సీటు కింద ఉంటుంది. పిల్ల కూర్చుంటే బండి ఆగుతుంది, లేచి నిలబడితే కదులుతుంది. కాళ్లకు వ్యాయామం ఆటలోనే కలిసిపోతుంది.

మీట మార్చేవారు ఒక్క విషయం గుర్తెరగాలి. చాలా బండ్లకు వేరే బ్రేకు ఉండదు. కాలు తీయగానే ఆ మీటే మోటారు రెండు కొసలను కలిపేస్తుంది. అప్పుడు తిరుగుతున్న మోటారు జనరేటరుగా మారి తన వేగాన్ని తానే అణచుకుంటుంది. ఇందుకోసం మీటకు మూడు కొసలుంటాయి. వాటి స్థానంలో రెండు కొసల కాలింగ్‌బెల్ మీట పెడితే బండి నడుస్తుంది గానీ, చెయ్యి తీసినా దొర్లుతూనే ఉంటుంది. పెనుకొండలో కొండవాలు వీధుల వంటి చోట ఇది మరీ ప్రమాదకరం. పైగా మోటారు కరెంటుకు చిన్న మీట లోపలి రేకులు అతుక్కుపోతే బండి అసలు ఆగదు. కరెంటును తట్టుకోగల మూడు కొసల మీటనే వాడాలి. రిమోటుతో నడిచే బండ్లలో సాధారణంగా సర్క్యూట్ బోర్డు ఉంటుంది. అక్కడ కాలి మీట సంకేతం మాత్రమే ఇస్తుంది కనుక పని తేలిక. రిమోటు పెద్దల చేతిలోనే ఉండాలి.

పిల్లను ఏ భంగిమలో కూర్చోబెట్టాలి, మీట ఏ చేతికి అందాలి అన్నది ఎలక్ట్రీషియన్ తేల్చేది కాదు. మండలాల్లోని భవిత కేంద్రాలకు వచ్చే ఫిజియోథెరపిస్టును ముందుగా సంప్రదించడం మంచిది. పని పూర్తయ్యాక బండిని ఇటుకలపై నిలిపి, చక్రాలు నేలకు తగలకుండా చూసి, మీటను ఇరవై ముప్పై సార్లు నొక్కి వదలాలి. వదిలిన ప్రతిసారీ చక్రం వెంటనే ఆగితేనే పిల్లను ఎక్కించాలి.