చండీగఢ్ రాతితోట

ఇల్లు కూల్చిన చోట ఏం మిగులుతుంది? విరిగిన ఇటుకలు, పగిలిన పింగాణీ, సొట్టపడిన గిన్నెలు, వంకరపోయిన ఇనుప చువ్వలు. ఎవరూ వాటి వంక రెండోసారి చూడరు. అటువంటి వాటితోనే ఒక ఉద్యానవనాన్ని నిర్మించిన శిల్పి నేక్‌చంద్.

ఆయన 1924లో పంజాబులోని ఒక పల్లెటూరిలో పుట్టాడు. 1947లో దేశ విభజన జరిగినప్పుడు ఆ ఊరు పాకిస్తాన్‌లో చేరింది. ఆయన ఇటు రావలసి వచ్చింది. లాహోరు కూడా అటే పోవడంతో మన పంజాబుకు కొత్త రాజధాని అవసరమైంది. ల కార్బూజియే అనే ప్రసిద్ధ వాస్తుశిల్పి ప్రణాళిక ప్రకారం చండీగఢ్ నగరాన్ని కట్టసాగారు. తిన్నని వీధులు, అంకెలతో పిలిచే సెక్టార్లు, కాంక్రీటు భవనాలు. ఆ నగరం కోసం ఇరవైకి పైగా పల్లెలను ఖాళీ చేయించారు. అక్కడ రోడ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేస్తున్న నేక్‌చంద్ ఆ శిథిలాల మధ్యనే తిరిగేవాడు. సొంత ఊరు పోగొట్టుకున్నవాడికి అవి చెత్తగా తోచకపోవడంలో వింత లేదు.

1957 ప్రాంతంలో ఆయన తన పని మొదలుపెట్టాడు. ఉద్యోగం ముగియగానే సైకిలెక్కి శివాలిక్ కొండల దిగువనున్న వాగుల వెంట రాళ్లు ఏరేవాడు. నీటి ఒరవడికి అరిగిన రాళ్లలో ఒకటి పక్షిలా, మరొకటి కూర్చున్న మనిషిలా కనిపించేది. సుఖ్నా సరస్సు దగ్గరి అడవిలో వాటిని పేర్చేవాడు. అది ప్రభుత్వ భూమి. అక్కడ ఏ కట్టడమూ కట్టరాదు. అందుకే రహస్యంగా, రాత్రిపూట పాత టైర్లు కాల్చి ఆ వెలుతురులో పనిచేసేవాడు. పదిహేనేళ్లకు పైగా ఈ సంగతి బయట చాలా కొద్దిమందికే తెలుసు.

ఆయన విగ్రహాలు చేసే తీరు చూడండి. ముందు పాత ఇనుముతో అస్థిపంజరం వంటిది కట్టేవాడు. సైకిలు ముందుచక్రాన్ని పట్టి ఉంచే ఇనుప కొమ్ములు బొమ్మకు కాళ్లయ్యేవి. దానిపై సిమెంటు, ఇసుక కలిపి మెత్తి, తడి ఆరకముందే గాజుల ముక్కలు, పింగాణీ పెంకులు అద్దేవాడు. నీళ్లు మోసే స్త్రీలు, నాట్యగత్తెలు, కోతులు, నెమళ్లు వరుసలు తీరి నిలిచాయి. పెద్ద బొమ్మల కొలువు అనుకోవచ్చు. తడిసి గడ్డకట్టిన సిమెంటు బస్తాలు సైతం గోడలయ్యాయి.

1970 తర్వాత అధికారులకు ఈ సంగతి తెలిసింది. చిక్కు వచ్చి పడింది. చట్టం ప్రకారం అది కూల్చవలసిన ఆక్రమణ. చూసినవారికి మాత్రం కూల్చడానికి చేతులు రాలేదు. చివరకు 1976లో దానిని ప్రజల కోసం తెరిచారు. నేక్‌చంద్‌కు జీతమిచ్చి, యాభైమంది పనివాళ్లను అప్పగించి, అదే పని చేయమన్నారు. తప్పు చేసినవాడికి ఆ తప్పే ఉద్యోగంగా దొరకడం అరుదు!

అప్పటినుంచి తోట పెరిగింది. జలపాతాలు, తోరణాలు, మర్రి ఊడల్లా అల్లుకున్న సిమెంటు వేళ్లు వచ్చాయి. బయట నగరంలో దారులన్నీ తిన్ననివి. ఇక్కడ ప్రతి దారీ వాగులా వంపులు తిరుగుతుంది. మలుపు అవతల ఏముందో ముందుగా తెలియదు. కొన్ని గుమ్మాలు ఎంత పొట్టివంటే, ఎంతటివారైనా తలవంచి దాటవలసిందే.

1984లో నేక్‌చంద్‌కు పద్మశ్రీ పురస్కారం లభించింది. అయినా తోటకు భయం తీరలేదు. 1990లో కొంతభాగం కూల్చి రోడ్డు వేయడానికి బుల్డోజర్లు రాగా, పౌరులు వాటికి అడ్డంగా మానవహారం కట్టి నిలిచారు. బుల్డోజర్లు వెనుదిరిగాయి. 2015లో నేక్‌చంద్ మరణించాడు. పదేళ్ల తర్వాత, 2025లో, పక్కనున్న హైకోర్టుకు వచ్చే వాహనాల కోసం తోట గోడలో కొంతభాగాన్ని కూల్చారు. నగరవాసులు మళ్లీ వచ్చి నిరసన తెలిపారు కాని, ఈసారి గోడ నిలవలేదు.